మూడో చేయి

ఈ ఊరి పేరుకి పడవ అని అర్థం.
వూచ్ అంటారు. చెప్పుకోదగ్గ నది లేదు.
ఉన్న కాలవల్ని మిల్లుల కాలంలోనే గొట్టాల్లోకి తోసి
పైన వీధులు పరిచారు.
పడవలోంచి జారినవాళ్ళు
ఇక్కడ నీళ్ళలో పడరు,
బెంచీల మీద పడతారు.

నాది వెల్డింగ్ పని.
డిసెంబర్ రెండో వారం, స్టేషన్ వెనక పార్కు, పద్నాలుగు బెంచీలు.
బెంచీకి అటో చేయి ఇటో చేయి ముందే ఉన్నాయి,
నడిమధ్య మూడోది అతికించాలి.
కాగితంలో రాశారు: వృద్ధులు లేవడానికి ఆసరాగా.
నూట ఎనభై సెంటీమీటర్ల బెంచీ.
తొంభై దగ్గర సుద్దతో గీత గీస్తే చాలు,
నిలువెత్తు మనిషి ఎక్కడ సగమవుతాడో తెలిసిపోతుంది.

తొమ్మిదో బెంచీ మీద తెయొఫిలా ఉంది.
నేను లేవమనలేదు. తనే లేచి
సంచులు మూడూ పక్కకి జరిపి
నిప్పురవ్వలు చూడకుండా మొహం తిప్పుకుని నిలబడింది,
పని తెలిసిన మనిషి నిలబడినట్టు.
ఇరవై రెండేళ్ళు మగ్గాల హాల్లో చేసిందట.
ఆ హాల్లో ఇప్పుడు బూట్లమ్ముతారు.
ఇనుము చల్లారాక వచ్చి, అతుకు మీద బొటనవేలు నడిపి
"గరుకుంది. కోటు చిరుగుతుంది నాకు" అంది.
గ్రైండర్ తీసి నున్నగా అరగదీశాను.
ఆమెకి నేను చేసిన మేలు అది.
గర్వపడ్డాను కూడా, కాసేపు.

ఇంకొకటి చెప్పాలి.
చెప్పకుండా దాటేద్దామనే ఈ కొలతలన్నీ ఏకరువు పెట్టాను.

ఏప్రిల్లో మా మెట్ల మీద ఎవరో కాగితం పట్టుకుని నిలబడ్డారు.
పార్కు గురించి, పిల్లల గురించి, వాసన గురించి.
ఒక చేతిలో తాళాలు, రెండో చేత్తో సంతకం చేశాను.
చదవలేదు. ఆ రోజు చలి లేదు.
నలభై ఒక్క పేర్లు. కింది నుంచి మూడోది
బొగుమిల్ స్రోకా, నాలుగో అంతస్తు.
మునిసిపాలిటీ నా చేత చేయించింది
నేను అడిగిన పనే.

క్రిస్మస్ ముందు రాత్రి
మా వాళ్ళందరూ బల్ల మీద ఒక పళ్ళెం ఎక్కువ పెడతారు,
అనుకోకుండా వచ్చే మనిషి కోసం.
మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా పెడుతున్నాం.
మిగతావన్నీ అంచులు విరిగి నాలుగుసార్లు మారాయి,
ఆ పళ్ళెం మీద ఒక్క గీత లేదు.
కింద తలుపుకి కోడ్ నంబరు. పైన గొలుసు.
వస్తారని పెట్టామో, రారని పెట్టామో.
మనవరాలు కలీనా అడిగింది,
"ఇది ఎవరిది తాతా?"

బీట్‌రూట్ సూప్ మూతగిన్నెలో పోసి, చేప ముక్క ఆ పళ్ళెంలో పెట్టి
కోటు కింద దాచుకుని మెట్లు దిగాను, దొంగలా.

తొమ్మిదో బెంచీ మీద మంచు రెండు వాటాలుగా పడి ఉంది,
అన్నదమ్ములు పంచుకున్నట్టు, సమంగా.
ఆమె టికెట్ మిషన్ల పక్కన, గోడ మలుపులో ఉంది.
ముళ్ళు ఒక్కొక్కటే ఏరి పళ్ళెం అంచున పేరుస్తూ
నిదానంగా తింది.
నేనేదో అనబోయాను. క్షమించమనో, మా ఇంటికి రమ్మనో.
రెండూ గొంతులో కలబడి ఏదీ బయటికి రాలేదు.
పళ్ళెం చేతికిచ్చేసింది.
"తీసుకుపో. కడగడానికి నాకు చోటెక్కడిది?"

సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.
తిప్పితే చాలు,
వేడినీళ్ళు వస్తూనే ఉంటాయి మాకు.

కౌన్సిల్ ఆఫీసు మంగళవారం తెరుస్తారు.
కాగితం నేనే రాశాను, తప్పుల్తో.
మునిసిపాలిటీ ఫ్లాట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో లెక్క చెప్పండి,
ఒకదాని తాళంచెవి తెయొఫిలాకి ఇవ్వండి,
పద్నాలుగు చేతులూ కోసెయ్యడానికి నాకు కూలి వద్దు.

ఇప్పటికి ఒకటే సంతకం.
సాయంత్రాలు మెట్ల మీద నిలబడుతున్నాను,
జేబులో తాళాలు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి అడ్డంగా.
చదివి పెట్టండి, అంటున్నాను.