మూడు రాళ్లు

అసర్ నమాజు అయినాక
మోజా ముసలమ్మను నడిపించేది నా పని.
డాక్టరు చెప్పింది ఇరవై నిమిషాలు.
మత్రాలో అంత సముద్రం పక్కనే ఉంటే
ఆమె నడిచేది బజారు వెనక
కార్లు నిలిపే తారునేల మీద.

నేరుగా నడవదు.
ఎనిమిదడుగులు, ఆగి, ఒక పక్కకు జరిగి,
మళ్లా నాలుగు.
పడుకున్నవాళ్ల కాళ్లు తొక్కకుండా
చీకటింట్లో నీళ్లకు లేచిన మనిషి మాదిరి.

నాకొచ్చిన అరబ్బీకి అందింది ఇంతే:
ఈడ గోడ లేదు, రేగుచెట్టు ఉండె.
మగవాళ్లకు రెండు రాళ్లు, ఆడవాళ్లకు మూడు.
పేర్లు రాయరు, అవి దేవునికి తెలుసంట.
వాంతిభేదుల యేడు
రాళ్లు చాలక కొండ దాకా పోయినారంట.
తర్వాత రోడ్డు వచ్చె, దీపాలు వచ్చె,
ఒక కాగితం వచ్చె,
మీ వాళ్ల ఎముకలు మీరు తీసుకుపోండని.
చదివేవాళ్లు లేని ఇండ్లకు కూడా వచ్చె.

నలభై ఒకటో గడి.
ఎప్పుడూ ఎవరిదో తెల్లకారు ఉంటుంది ఆడ.
నా చేతిలో నీళ్లసీసా లాక్కొని
ముందర టైరు పక్కన సగం పోస్తుంది.
కారు కడుగుతాందనుకొని
ఒక మలబారు పిల్లోడు నవ్వినాడు ఒకసారి.
"పేరు పెట్టకముందే" అనె నాతో.
మూడు వేళ్లు చూపించె.

మా రాయచోటి దిక్కున
పసిబిడ్డను పూడ్చి పైన కంప వేస్తారు,
కుక్కలు తోడకుండా.
ఆ ముల్లు ఎండి గాలికి పోయేదాకా
తల్లి అటు పోకూడదు.
నేను పోలేదు.
పోయిననాటికి జాడ లేదు.
ఇది చెప్పేంత అరబ్బీ నాకు రాదు.

ఒక వానకు వాగు తెగి
తారును దుప్పటి ఎత్తినట్టు ఎత్తె.
కింద రాళ్లు, బురద.
రెండో మూడో లెక్క తెగలేదు.
ఆ దినం మోజా నడవలేదు, నిలబడె.
మాపటికి లారీ వచ్చి మూసిపాయె.

పోయిన నెల ఆమెను
కొండల అవతల కొత్త జాగాకు మోసినారు.
ఆడవాళ్లు వెంట పోరు.
వచ్చినోళ్ల కాఫీ గిన్నెలు కడుగుతా ఉండిపోతి.

ఇప్పుడు నడిపించేదానికి ఎవరూ లేరు.
ఉల్లిగడ్డలకని వచ్చి
ఎందుకో ఇటు తిరిగినా.
ఎనిమిది, ఆగి, పక్కకు, నాలుగు.
తెల్లకారు లేదు.
సీసాలో నీళ్లు సగమే.

ముందు ఆమె బిడ్డకు పోస్తి.