పాకం తప్పిన ఏడు

మాది పెనుమూరు కాడ చిన్న పల్లె.
ఊరి పేర్లోనే పెనుముందని
పొయ్యి ముందర కూచోని నవ్వేవాడు దొరసామి.
ఆయన దించిన బెల్లం
కోడిగుడ్డు పచ్చసొన మాదిరుండేది.

గానిగ తిరగతా ఉండగానే
తువ్వాలు దులుపుకోని
గుడియాత్తం బస్సెక్కేసినాడు ఒక పొద్దు.
అక్కడ కూలెక్కువంట.
కోసిన చెరుకు ఎవురి కోసమూ ఆగదు,
రెండు దినాలుంటే తీపి దిగిపోతాది.
అట్ల గరిట నా చేతికొచ్చింది.
ఎవురూ ఇవ్వలా,
కింద పడుంటే ఎత్తుకున్నా.

మొదటి పెనుము మాడింది.
రెండోది ముదరలా.
అచ్చులోనే చెమట పట్టి
తెల్లారేసరికి గోనెపట్ట తాగేసింది సగం.
మూడోదాంట్లో సున్నం ఎక్కువేస్తి.
నాలుగోది పొంగి మోచేతి మీద పడింది.
ఆ మచ్చ ఏనుగు మాదిరుందంటాది శరణ్య.
నాకైతే ఉత్త మచ్చే.

చిత్తూరు మండీలో చెంగల్రాయుడు
ముద్దనెత్తి బండకేసి కొట్టినాడు.
పగల్లేదు.
నలుగురూ నవ్వినారు.
"సారాయి కాసేవాళ్లు గూడా వద్దంటారమ్మా దీన్ని."
బండి బాడుగ రాను పోను నాదే.

ఆ రాత్రి నేనేమీ నేర్చుకోలా.
ఓటమి గురువంట, దెబ్బ తింటేనే మనిషంట,
అట్ల చెప్పేవాళ్లు ఆ రాత్రి కనపడుంటే
చెరుకుగెడ తీసుకోని తరిమేదాన్ని.
అప్పు అప్పే.
కాలింది చెయ్యే.

ఎండాకాలంలో కాళాస్తి నుంచి
పిచ్చాండి అని ఒకాయనొచ్చినాడు.
గోళ్ల కింద నలుపు,
ఎన్ని నీళ్లకూ పోని నలుపు.
"చెడిపోయిన బెల్లముందంటనే?"
తుప్పు పట్టిన మేకులు, ఎద్దు లాడాలు,
ఈ బెల్లం, కుండెడు నీళ్లు,
మూడు వారాలు మూత తియ్యకుండా పులవబెడతాడంట.
సంచిలోంచి గుడ్డ తీసి పరిచినాడు.
రంగులింకా పెట్టలా, గీతలే.
ఒక ఆడమనిషి కన్ను.
దాని చుట్టూ నల్లటి గీత,
ఎక్కడా తడబడకుండా.
"కలంలో ఉన్నప్పుడు ఇది నీళ్ల టీ మాదిరుంటాది.
కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితేనే నల్లబడతాది."
"మంచి బెల్లం పనికిరాదా?" అంటి.
"వస్తాది.
మంచిదైతే తినాల గదమ్మా."

కొన్నది మూడు మూటలే.
అప్పులో ఒక మూలకు గూడా రాలేదు ఆ దుడ్డు.
కానీ ఆయన పోయినాక
మిగిలిన ముద్దల్ని ముందరేసుకోని
ఒక్కోటీ కొరికి చూసినా.
చేదు యాడ మొదలైందో,
ఉప్పదనం యాడ చొరబడిందో,
ఆపాల్సిన చోట ఎంతసేపు ఆపలేదో
అన్నీ వాటిల్లోనే ఉండాయి.
మంచి ముద్దలైతే అమ్ముడుపొయ్యేవి,
నాకేమీ చెప్పకుండా.

ఇప్పుడు నేను పెనుమును చూడను, వింటాను.
బుడబుడ మాని గుబగుబ ఎత్తుకునే ముందర
ఆవలింతంత సేపు
ఒక సద్దు లేని చోటుంటాది.
ఆడ మంట లాగెయ్యాల.
దొరసామికి తెలుసు ఆ చోటు. చెప్పలా.
చెప్పుంటే మాత్రం
నాకప్పుడు ఆ చెవులు యాడివి?
చెంగల్రాయుడు ఇప్పుడు ముద్దను పగలగొట్టడు,
వాసన చూసి చీటీ రాస్తాడు.
ఐరాల నుంచి గూడా పిలుస్తారు నన్ను,
పాకం కుదరనప్పుడు.

నిన్న శరణ్య పెనుము మాడగొట్టింది.
గోడకానుకోని నిలబడింది, నా మొగం చూడకుండా.
పిచ్చాండి కథ నోటి దాకా వచ్చింది,
మింగేసినా.
అడుగంటింది ఇంత గోకి,
విరిచి, సగం ఆ పిల్ల చేతిలో పెట్టి,
సగం నేను నోట్లో ఏసుకున్నా.
"కొరుకు."
మొగమంతా ముడుచుకుంది.
"యాడ?" అంటి.

చానాసేపు నమిలింది.
కండ్లు మూసుకోని నమిలింది.
"మూడో పొంగు కాడక్కా.
ఫోను మోగింది అప్పుడు."

నేను పొయ్యిలోకి పిప్పి తోసినా.