మూడు వందల శాతం రాత్రి

ఇరెనెయుష్ గారు పెన్‌డ్రైవ్‌ని
మందుబిళ్లలా అరచేతిలో పెట్టుకుని వచ్చారు.
వూచ్ నగరంలో నలభై ఏళ్లు
నిచ్చెనెక్కి నియాన్ గొట్టాలు బాగుచేసిన మనిషి.
పుస్తకం వెయ్యాలట:
నూట పన్నెండు బొమ్మలు, మూడు వందల ప్రతులు,
పింఛను డబ్బు.

తెర మీద తెరిచాను.
సినిమాహాలు నెత్తిన ఎర్ర కోడిపుంజు.
పాల అంగడి మీద ఆకుపచ్చ ఆవు.
బూట్ల దుకాణం నీలమైతే
మైలతుత్తంలోంచి మెరుపు దూరి వెళ్లినట్టు.
"ఇదే," అన్నారాయన. "అచ్చం ఇదే కావాలి."

ఎలా చెప్పను?
తెరకి సొంత దీపాలున్నాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం.
మూడూ నిండుగా వెలిగితే తెలుపు,
మూడూ ఆరితే చీకటి.
కాగితానిది ఎరువు సొమ్ముతో సంసారం.
గదిలో దీపం ఎంత పడేస్తే అంత,
అందులోనూ సిరాలు తమ వాటా మింగగా మిగిలింది.
సయాన్ ఎరుపుని తింటుంది. మెజెంటా ఆకుపచ్చని. పసుపు నీలాన్ని.
ముగ్గురూ కలిసి తింటే నలుపు మిగలాలి,
మిగిలేది బురద.
అందుకే నాలుగో డబ్బా.

చెప్పలేదు. ఒక మీట నొక్కాను.
ముద్రకు అందని చోటల్లా
బూడిదరంగు పూసింది యంత్రం.
పుంజు బూడిద. ఆవు బూడిద.
బూట్ల వీధి ఈ చివర నుంచి ఆ చివరకి బూడిద.
ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నారు.
"మునిసిపాలిటీ వాళ్లూ ఇదే చేశారు," అన్నారు కాసేపాగి,
"తొంభై మూడులో. తీగలు కోసి."

మెరిసే సిరా అయిదో డబ్బాలో పోయొచ్చు.
మా ఫోర్‌మన్ ధర చెప్పాడు.
పింఛను లెక్కలో ఆరు నెలలు.

రాత్రి షిఫ్టులో ఒక్కదాన్నే కూర్చున్నాను.
ఈ కాగితానికీ ఈ సిరాకీ ఈ యంత్రానికీ
జాతకాలు కలిపి రాసిన ప్రొఫైల్ ఒకటుంది మా దగ్గర.
దాన్ని తగిలించి,
రంగులన్నిటినీ కాస్త కాస్త లోపలికి జరిపి చూశాను:
పుంజు లంఖణాలు చేసి లేచినట్టుంది.
అందని వాటిని మాత్రం గట్టు దగ్గరే తెగ్గోసి చూశాను:
గొట్టం లోపలి సన్నటి తెల్లగీత పోయింది,
ఎర్ర అట్టముక్క మిగిలింది.

టీ చల్లారిపోయింది.
అప్పుడు చూశాను, నియాన్ కాని మిగతాదంతా.
తడిసిన రోడ్డు. ట్రాము తీగలు.
కిటికీ లేని గోడ.
ఆకాశం ఎక్కడా నలుపు కాదు,
వెలిసిన గొడుగు రంగు.

వెలుగుని పెంచలేను.
రాత్రిని పెంచగలను కదా!

నలుపు నూరు. దాని కింద సయాన్ ఎనభై,
మెజెంటా అరవై అయిదు, పసుపు యాభై అయిదు.
కూడితే మూడు వందలు. ఇంకొక్క చుక్క కూడదు.
మించితే సిరా ఆరదు,
ఈ పేజీ రాత్రి
ఎదుటి పేజీకి అంటుకుపోతుంది.

మూడోరోజు నమూనా చూడ్డానికి వచ్చారు.
బూడిదరంగు గోడల గూట్లో,
అయిదు వేల కెల్విన్‌ల దీపం కింద పరిచాను.
కొలిచే పరికరం పుంజు మీద పెడితే
మొన్నటి అంకెలే. ఎరుపు వెంట్రుకవాసి పెరగలేదు.
కన్ను ఒప్పుకోలేదు ఆ లెక్కని.
పుంజు కాలుతోంది.
కింద నీటిగుంటలో తలకిందులుగా ఇంకోటి.

ఆయన మాత్రం కాగితాన్ని గూట్లోంచి తీసి
నడవలోకి పట్టుకుపోయారు,
మినుకు మినుకుమనే ట్యూబులైటు కిందికి.
అక్కడ ఎరుపు కాస్త ఇటుక అయింది.
నా గుండె జారింది.
"ఇక్కడ చూడకండి, ఈ వెలుతురు..."
"జనం వంటింట్లో చూస్తారమ్మా," అన్నారు, "నీ గూట్లో కాదు."

గోడకానించి, మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశారు:
ఎరుపు తక్కువే. వాన సరిగ్గా ఉంది.
కింద సంతకం.

తర్వాత తలెత్తి
ఆ ట్యూబు గుయ్యిమనడం చాలాసేపు విన్నారు.
నిచ్చెన ఎక్కడుందని అడిగారు.