లోపలి గడియ

ఆ కిటికీలు నేనే చేసినా.
కోసిగిలో పత్తి గోడౌను
పిల్లల హాస్టలైన ఏడు.
పదారు గ్రిల్లులు, నాలుగు మూలలా వెల్డింగు.
పిల్లి తల గూడా దూరగూడదన్నాడు ఓనరు.
దూరదు.
నా చేతి మీద నాకంత నమ్మకం.

దీపావళి దాటినాక
సుగ్గికి పోయేటోళ్ళు పిల్లల్ని ఈడ దించి పోతారు.
మిరప కోతలకు గుంటూరు దిక్కు లారీలు కదిలితే
అరవై మంది ఈ రేకుల కింద మిగుల్తారు,
ట్రంకు పెట్టెలు, సత్తు తట్టలు,
మూత పోయిన సంపు,
గోడకు ఎర్ర సిలిండరొకటి,
దాని మెడకు ఎవరిదో తడి లంగా ఆరేసి.
రాత్రి ఎనిమిదికి బయట తాళం.
తాళంచెవి వార్డెను కొంగున.
వార్డెను ఇల్లు మూడు వీధుల అవతల.

మొన్న సోమవారం మేడం ఒకామె వచ్చింది, వసుంధర అంట,
చేతిలో టేపు, చంకలో ఫైలు.
వాకిలి వెడల్పు కొలిచింది.
మెట్లు లెక్కబెట్టింది. బోర్డు కాడ కాలిన వైరు వాసన జూసింది.
మంచానికీ మంచానికీ నడుమ ఎంతుందో రాయాలంట,
ఈడ మంచాల్లేవు, చాపలే.
చాపకూ చాపకూ నడుమ
కొలిచేదానికి ఏమీ లేదు.

నన్ను పిలిపించింది. తిడతాదనుకుంటి.
"గట్టిగా చేసినావు మాబూ" అనింది,
"బయటోడు లోపలికి రాడు.
లోపలోళ్ళు బయటికెట్లా వస్తారు?"

ఇరవై రెండేండ్లుగా ఇనుము కాలుస్తున్నా.
ఇండ్లకు, అంగళ్ళకు, సొసైటీ బ్యాంకుకు.
అందరూ దొంగను తలుచుకోనే కొలతలిచ్చినారు.
నిప్పును తలుచుకోని
ఎవురూ ఇయ్యలేదు.

మిషన్ ఆన్ చేస్తే రవ్వలు లేచినాయి.
పిల్లోళ్ళు చప్పట్లు కొట్టిరి, దీపావళి మళ్ళీ వచ్చినట్టు.
దూరం పొండని అరిస్తి.
అందరూ పోయిరి, ఉరుకుందమ్మ తప్ప.
రెండో తరగతి, అందర్లోకీ పొట్టిది.
"మా నాయనోళ్ళు పట్టల కింద పంటారు మామా,
ఆడ గడియే లేదు" అనింది.
ఏం చెప్పాల్నో తెలీక
బందులు గీసుకుంటా ఉంటి.

గడియ 'అందే ఎత్తులో' ఉండాలని కాయితంలో రాసుండాది.
ఎవురికి అందే?
నా ఎత్తుకా, మేడం ఎత్తుకా?
ఆ పిల్లనే గోడకు ఆనించి నిలబెడ్తి.
చెయ్యెత్తమంటే మునివేళ్ళ మీద లేచింది.
"అట్ల కాదమ్మా, నిద్రలో లేసినట్టు ఎత్తు,
కండ్లు మూసుకోని, తడుముకోని."
చెయ్యి భుజం కాడికొచ్చి ఆగింది.
ఆడ సుద్దముక్కతో గీత గీసినా.

మొదటిసారి పట్టేసింది. ఆకురాయి పెట్టి రుద్ది,
రెండు చుక్కలు నూనె పోసి
"ఇప్పుడు" అంటి.
ఠక్ మనింది.
అవతల తుమ్మకంపలు, రైలు పట్టాలు,
గూడ్సు బండి పోతా ఉండాది.
ఇంగ చూడాల, అరవై మందీ వరసగట్టిరి,
ఒక్కొక్కరూ తెరిచేది, మూసేది,
నా బంది అరిగిపోతాదేమో అనిపించింది.
అరగనీలే.

పదారింట్లో ఒక్కటి తెరుచుకునింది.
మిగతా పదైదుకు ఎస్టిమేటు కర్నూలుకు పోయిందంట.
సంపుకు మూత నేనే ఇస్తి,
పాత రేకు, బిల్లు రాయలేదు.
రాత్రి తాళం సంగతి మేడం వార్డెనుతో గట్టిగానే మాట్లాడింది,
ఏం తేలిందో నాకు తెలీదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లేచి కూకుంటి.
నా బిడ్డలిద్దరూ కిటికీ కిందనే పండుకున్నారు.
లేచిపోయి గ్రిల్లు పట్టుకోని లాగినా.
కదల్లేదు.
అదీ
నేనే చేసినా.