దోసె వాలిన దిక్కు

మా ఇల్లు ఒకప్పుడు పాలవ్యాను.
ఎంత కడిగినా సరే, ఎండెక్కితే
పలకల సందుల్లోంచి పులిసిన మీగడ వాసన.
'పాతకాపు ఇంకా ఖాళీ చెయ్యలేదు'
అంటాడు దొరస్వామి.

పదకొండేళ్లు తెల్లారుజామున మూడింటికి
మదనపల్లె రోడ్డు మీద ఆయనే తోలిన బండి.
తుక్కు కిందేస్తామంటే
నా కుట్టుమిషను అమ్మి కొనుక్కున్నాం.
మిషను చివరిగా కుట్టింది
ఈ కిటికీ తెర.

ఆగిన ప్రతి చోటా మొదటి పని ఒకటే.
స్టవ్వు ముట్టించి ఒక దోసె పోస్తాను.
పిండి ఎటు జారితే అటు పల్లం.
'పడమటికి' అని లోపలినుంచి అరుస్తాను.
ఆయన పడమటి చక్రం కింద
పలకరాయి తోసి, బండెక్కిస్తాడు.
రెండో దోసె గుండ్రంగా వస్తే
ఆ రాత్రికి అదే మా ఊరు.

పీలేరులో పెట్రోలు బంకు వెనక,
దామలచెరువు మండీలో తోతాపురి గుట్టల నడుమ
ఈగల జాతరలో,
పలమనేరు దాటినాక అడవి చెక్‌పోస్టు పక్కన.
'బెల్లముంటే ముందే చెప్పండి,
ఏనుగులు వాసన పడతాయి' అన్నాడు ఆడి గార్డు.
ఉన్న అరకిలో బెల్లం
చీకట్లో కూర్చోని ఇద్దరమే తినేసినాం.

నిన్న సాయంత్రం తలకోన.
గేటుకాడ గుర్రప్ప రిజిస్టరు తెరిచి
పెన్ను విదిలించి ఆలోచనలో పడినాడు.
'గుడారానికొక రేటు, గదికొక రేటు,
బస్సు నిలిపితే ఒక రేటు.
పండుకునే బండికి రాసి లేదమ్మా.'
కడాకు బస్సుల్లో రాసి, సగం కొట్టేసి,
పక్కన 'వంట' అని చేర్చినాడు.
'సొంత ఊరు?'
దొరస్వామి నన్ను చూసినాడు.
నేను చక్రాన్ని చూసినా.
'ఇంకా దోసె పొయ్యలేదు' అన్నా.
గుర్రప్ప చిత్తూరు అని రాసుకున్నాడు.

మా పక్కన కోలారు బస్సు.
కొండ దిగొచ్చిన జనం, కొత్త గుండ్లు,
గంధం ఆరి పొలుసులు లేస్తా ఉంది.
మూడు రాళ్ల మీద అన్నం.
ఎండుమిరపకాయలు చాల్లేదని ఒకామె వస్తే
గుప్పెడు పోసినా.
గిన్నె నిండా చింతపండు పులుసన్నం తిరిగొచ్చింది.
గిన్నెతో వచ్చిన గుండుపిల్ల మాత్రం పోలేదు.
మంచం తట్టింది, తెర లాగింది,
స్టీరింగు చూసి, స్టవ్వు చూసి,
'ఇల్లు పోతా ఉంటే
నువ్వు యాడుంటావవ్వా?' అనింది.
'దాంట్లోనే' అన్నా.
అని, నిద్రపట్టేదాకా ఆ మాటే నమిలినా.

రాత్రి వాన. రేకు మీద
ఎవరో సేర్లతో చెనక్కాయలు కొలిచి పోసినట్టు.
ముప్పయ్యారేళ్లు గ్రీమ్స్‌పేటలో ఏడు అద్దె ఇళ్లు.
ఒక్కదాంట్లో కూడా గోడకు మేకు కొట్టనియ్యలేదు.
ఈ చెక్కలకు పదహారు మేకులు
నా చేత్తో దిగ్గొట్టినా.
రెండింటికి తగిలించడానికి ఏమీ లేదు.
ఉండనీ.

పొద్దున్నే లేచేసరికి బస్సు లేదు.
తడిబూడిదలో మూడు రాళ్లున్నాయి.
దొరస్వామి రివర్సు తీస్తా ఉంటే
వెనక నిలబడి 'రా, రా, రా' అంటా ఉన్నా.
బండి తొలిగింది.

కోనంతా తడిసి నల్లగా ఉంటే
మేం పండుకున్నంత మేర
తెల్లగా, పొడిగా, నాలుగు మూలల నేల.
ఒక చీమలబారు. ఒక మిరప తొడిమ.
పడమటి మూల పలకరాయి.
లోపల ఎప్పుడూ ఇరుకనిపించింది గానీ
బయటినుంచి చూస్తే
ఇంత ఉండిందా మా ఇల్లు!

'రాయి ఎక్కించుకో' అన్నాడాయన.
చినుకు మళ్లీ మొదలయింది.
మొదటిది సరిగ్గా మంచముండే చోట పడింది.
నేను చూడలేదు తక్కినవి.

రాయి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నా.
చీరకు మట్టంటితే ఆయనేమో అన్నాడు,
ఇంజను చప్పుడులో వినపడలేదు.
భాకరాపేటలో ఆపి
అరకిలో మినపగుళ్లు కొన్నాం.