ఫిలిం వెండి

మా తాత చిట్టాపుస్తకంలో రెండు పద్దులున్నాయి,
మధ్యలో ఏడేళ్ళు.
మొదటిది: కోరాడ అచ్చియ్యమ్మ. వడ్డాణం. ముప్పై ఆరు తులాలు. కొన్నాం.
రెండోది: అదే పేరు. ఫిలిం వెండి. తొమ్మిది తులాలు.
ఫిలిం అన్నచోట కలం ఆగి సిరా ముద్దకట్టింది.
ఆ మాట ఎలా రాయాలో ఆయనకి తెలీదు.

కురుపాం మార్కెట్లో వడ్డాణం అమ్మి
పిడి తిప్పే పెట్టె కొనుక్కుందని
వన్‌టౌనంతా నవ్వింది.
ఆవిడ డాల్ఫిన్స్ నోస్ కింద
రాళ్ళ మీద మూడుకాళ్ళ బల్ల నిలబెట్టి
నాలుగ్రోజులు ఒక్క అల కోసం కూచుంది.
వచ్చినవాటినల్లా వద్దంది.
"ఇది కాదు, దీనెనకాలది."
సముద్రాన్ని వెనక్కి పంపే మనిషిని
జాలర్లు వలలొదిలేసి చూశారట.

మాటల్లేని సినిమాకి
గొంతు పోయేలా అరిచింది ఆవిడొక్కతే.
"పరిగెట్టవే మసేనమ్మా, ఎనక్కి సూడకు!"
ఆ అరుపు తప్ప అన్నీ తెరకెక్కాయి:
తడిచీర, పగిలిన మడమ,
తెప్ప మీంచి లేచిన కాకి.

తర్వాత బొమ్మలకి మాటలొచ్చాయి.
ఆవిడ మాట ఎవరూ వినలేదు.

మొదటి చుట్ట మా తాత తెలీక కుంపట్లో పెట్టాడు.
భగ్గుమంది. కనుబొమలు పోయాయి.
అప్పుడు ఆవిడే నేర్పింది:
వేణ్ణీళ్ళు, సోడా, తొందరపడకు,
బొమ్మ తనంతట తనే వదిలేస్తుంది.

మిగిలినవి ఒక్కొక్కటీ
దీపానికెదురుగా పట్టి మూరమూరా చూసి ఇచ్చింది.
ఏడవలేదని తాత అనేవాడు.
ఒకచోట మాత్రం ఆగి
"ఇక్కడ పిడి బేగి తిప్పీసేడు ఎదవ" అందట.

గుండిగలో సముద్రం, పరుగు, కాకి
అంతా ఒకటే బురద.
ఎండబెట్టి, వెలిగారం చల్లి, మూసలో పెట్టి ఊదితే
తెల్లగా,
ఏమీ గుర్తులేనట్టు,
ఒక ముద్ద.

కడియాలు చెయ్యమంది. మసేనమ్మకి. కూలి బాకీ.
మువ్వలు పెట్టనా అంటే
"మోగక్కర్లేదు" అంది.
గుమ్మం దిగుతూ ఇంకో మాట:
"ఉప్పుగాలికి నల్లబడతాయి.
సింతపండెట్టి తోమీవద్దని సెప్పు దానికి.
నల్లబడ్డ వెండే కదేటి, బొమ్మంటే."

ఆ కొట్లోనే నేనిప్పుడు వన్ గ్రామ్ గోల్డ్ అమ్ముతాను.
జాలారిపేట నుంచి ఏ ముసలమ్మ వచ్చినా
ముందు పాదాలకేసి చూస్తాను.
అదేం చూపని మా ఆవిడ తిట్టింది కూడా.

మొన్న వైశాఖంలో ఒకామె
కొంగులోంచి కడియాల జత తీసి బల్ల మీద పెట్టింది.
వాళ్ళమ్మమ్మవట.
కాటుకంత నలుపు.
మనవరాలి పెళ్ళికి మెరుగు పెట్టమంది.

అవేనో కావో.
వెలుతురుకెదురుగా పట్టుకుని
చాలాసేపు తిప్పితిప్పి చూశాను.

మిషను పాడైందని చెప్పి
పంపించేశాను.