వాటా

పుట్టింది అల్లిపురంలో, మూడు వాటాల ఇంట్లో, నడిమి వాటాలో.
అటు గోడకి చెవి ఆనిస్తే ఒకరి దగ్గు,
ఇటు గోడకి ఆనిస్తే ఇంకొకరి రేడియో.
అద్దె పదో తారీఖు దాటిందంటే
నూతి దగ్గర చేంతాడు మాయమయ్యేది.

అందుకేనేమో
"మా కంపెనీలో వాటా తీసుకోండి సార్" అని
డాబాగార్డెన్స్ ఆఫీసులో కుర్రాడు అన్నప్పుడు
నాకు షేరు వినబడలేదు.
తలుపు వినబడింది,
గొళ్లెం చప్పుడుతో సహా.

పోర్టులో ముప్ఫై నాలుగేళ్లు టాలీ క్లర్కుని.
ఓడ కడుపులోంచి పైకి లేచే ప్రతి బస్తాకీ ఒక గీత.
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
రిటైరైన డబ్బులో సగం సాగరనీడ హోమ్స్‌లో పెట్టాను.
ఇల్లు కాదు,
ఇల్లు కట్టేవాడిలో ఒక ముక్క.

ఏటేటా నున్నటి కాగితం మీద రిపోర్టు వచ్చేది.
మధురవాడ కొండ కింద ఆరు టవర్లు,
ఆరువందల నలభై ఫ్లాట్లు, అన్నీ అమ్ముడయ్యాయి.
మొదటి పేజీలో ఛైర్మన్ గారి నవ్వు.
ఆ నవ్వులో ఒక పన్ను నాదే అనుకునేవాణ్ణి.

ఓ సాయంత్రం, ఊరికే,
నా సొత్తు నేను చూసుకుందామని బస్సెక్కాను.
దిగేసరికి చీకటి. ఉప్పుగాలి.
ఆరు టవర్లూ ఉన్నమాట నిజమే.
దీపం వెలిగిన కిటికీలు పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.
అందులో ఒకటి వాచ్‌మన్‌ది.

చెయ్యి ఊరుకోదు కదా,
పాలచీటీ వెనక గీతలు గీశాను.
మర్నాడూ వెళ్లాను. నెల్లాళ్లు వెళ్లాను.
దీపావళి రాత్రి కూడా వెళ్లాను:
పదమూడు.

నూట నలభై ఉన్న షేరు తొమ్మిదికి జారాక
లాయరు ఇందుమతి గారు పాలచీటీలన్నీ బల్లమీద పరిచి
"ఒక్కరు అరిస్తే గోల, వందమంది అరిస్తే కేసు" అన్నారు.

వందమందికోసం తిరిగాను.
కంచరపాలెం మెట్టు దగ్గర మజ్జి తవుడు
చేతి గ్రీజు లుంగీకి తుడుచుకుని సంతకం పెట్టాడు.
పెదజాలరిపేటలో గనగళ్ల ఎల్లాజీ
"బోటింజను అమ్మి ఎట్టినాను బాబూ,
ఏటి, ఇసకలో పోసినట్టేనా?" అన్నాడు.
గాజువాకలో ఒకాయన తలుపే తీయలేదు.
ఇంట్లో తెలీదట.
కిటికీలోంచి వేళ్లు మాత్రం ఊపాడు, వెళ్లిపొమ్మని.

తొంభై తొమ్మిది దగ్గర ఇరవై రోజులు ఆగిపోయింది బండి.

నూరోది పిళ్లా సన్యాసమ్మ.
ఆ టవర్లకే ఇటుకలు మోసిన మనిషి.
మూడో టవరు పరంజా మీంచి పెనిమిటి జారిపోతే
సగం నోట్లిచ్చారు, సగం షేర్లిచ్చారు.
రెండొందల షేర్లు.
ఇవాళ్టి ధరకి పద్దెనిమిదివందలు.
సగం మనిషి.

"కంపెనీ మందేనంతారు గదా బాబూ,
మరి మన్మీద మనమే కేసెట్టుకుంతన్నామేటి?"

ఇందుమతి గారి దగ్గరుంది దానికి జవాబు,
రెండు సెక్షన్ల పొడుగున.
నా దగ్గర లేదు.
స్టాంపుప్యాడు మూత తీసి ముందుకి జరిపాను.

ఇటుకలు అరగదీసిన వేలు.
నొక్కి నొక్కి పెట్టింది.
నీలం పడింది గానీ గీత పడలేదు, ఒక్కటీ.
ఇన్నేళ్లలో గీత లేకుండా నేను ఒప్పుకున్న లెక్క
అదొక్కటే.

ట్రిబ్యునల్లో అవతలి లాయరు అడిగాడు,
దీపాల్లేకపోతే మనుషుల్లేనట్టేనా, పడుకుని ఉండొచ్చుగా అని.
సాయంత్రం ఏడింటికా బాబూ, అన్నాను.
ఎవరో నవ్వారు. వాయిదా వేశారు.

ఇప్పటికి నాలుగు వాయిదాలు,
క్యాలెండరు మీద నాలుగు నిలువు గీతలు.
ఐదోది వచ్చే నెల పదిన,
అద్దె కట్టాల్సిన రోజే.